తోక ముందొచ్చే పిల్ల

రాసుకో బిడ్డా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నిన్న నువ్వు సంతోష్‌నగర్ దుకాణంల కొన్న ప్లాస్టిక్ బొమ్మ డబ్బా మీద ‘డైనోసార్ చేప’ అని ఉంది చూడు, అది చూసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతున్నది. అది చేప కాదు, డైనోసార్ అసలే కాదు. ఇక్తియోసార్. కోట్ల ఏండ్ల కింద సముద్రంల బతికిన సరీసృపం, అంటే మన బల్లి, పాము ఉన్న తరగతిలోది. చూడటానికి చేపే. కానీ మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నయి. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటది. ఇదంతా నాకు నేర్పింది మా వదిన.

లాల్‌దర్వాజాల మాది పాలోళ్ల ఇల్లు. ముందర మనుషులు, వెనక బర్లు. ఆ ఇంటికి జువాలజీల ఎమ్మెస్సీ చదివిన వదిన కోడలై వచ్చింది. పాలు పిండి, పేడ ఎత్తి, మిగిలిన పొద్దుల పుస్తకంల ఉన్న శిలాజం, అంటే రాయిల మిగిలిన ఎముకల ఫొటో, చూసి తెల్ల దుప్పటి మీద ఇంకుతో ఆ జంతువును గీసింది. కంటి చుట్టూ ఎముకల చక్రం, తెడ్ల లాంటి నాలుగు కాళ్లు, తోకలోకి పోంగనే కిందికి వంగిన వెన్నెముక. కడుపులోంచి తోక ముందుగా బయటికొస్తున్న పిల్ల. ఆ బొమ్మ చూపించి కాలేజీల పాఠం చెప్పి మెప్పిస్తే లెక్చరర్ ఉద్యోగం.

మా బాపు బర్లకు కాన్పులు చేసీ చేసీ ముసలోడైనోడు. బొమ్మ చూసి నవ్విండు.

“ఉల్టా గీసినవ్ బిడ్డా. ముందటి కాళ్లు, మూతి రావాలె. తోక ముందొస్తె దూడ దక్కుతదా?”

“దూడ గాలిల పుడ్తది మామా. ఇది నీళ్లల్ల పుడ్తది. మూతి ముందొస్తె, తోక వచ్చేదాక ఊపిరెట్ల తీసుకుంటది?”

బాపు బీడీ ఆర్పి బొమ్మ మీదికి వంగిండు. “అయితె ఇది చేప గాదు,” అన్నడు.

మా అన్నకే మండింది. “మొగోళ్ల ముంగట కాన్పు బొమ్మ చూపెడ్తవా? ఇజ్జత్ ఉండొద్దా?”

ఇజ్జత్ అంట. మా బర్రె ఈనుతుంటె గల్లీ అంతా నిలవడి చూసేది, అప్పుడు ఎటు పోయిందో ఆ ఇజ్జత్.

తెల్లారి పాఠం చెప్పే రోజు. వదిన ఇల్లంతా వెతికితే బొమ్మ కుడితి తొట్టిల దొరికింది. మా అన్న ముంచిండు. ఇంకంతా కారిపోయింది, కుడితి తాగిన బర్రె మూతి నీలమైంది. వదిన దుప్పటి పిండి దండెం మీద ఆరేసి, ఉత్త చేతులతో బస్సెక్కింది. చార్టు లేకుండ పాఠమేందని అక్కడోళ్లు ఉద్యోగం వేరే ఆమెకిచ్చిండ్రు.

ముసలితనంల మా అన్న చుట్టాలకు గొప్పగా చెప్పుకునేటోడు, “మా ఆమె లెక్చరర్ కావాల్సింది” అని. ఆ మాట విన్నప్పుడల్లా తొట్టెడు కుడితి ఆయన నెత్తిన గుమ్మరిద్దామనిపించేది. ఆయన పోయిండు, నా కోపం పోలే.

కోట్ల ఏండ్ల కింద సచ్చిపోయిన ఆ తల్లిని, కడుపుల పిల్లతో సహా, రాయి ఇప్పటిదాక దాచిపెట్టింది. మా వదిన గీసిన బొమ్మను మా ఇల్లు ఒక్క రాత్రి దాచలేకపోయింది.