లచ్చన్న మూడు ఊపులు

మూడుసార్లు ఊపి చూడనిదే లచ్చన్న ఈ లోకంలో దేన్నీ నమ్మడు. మొదటి ఊపు పరిచయానికి, రెండోది అనుమానానికి, మూడోది తీర్పుకి. దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో గోదాములు కట్టే కంపెనీలో అతని పని పరంజా బిగించడం. గోడ కట్టేవాళ్లు నిలబడే ఇనప పైపుల్ని ఊపాడంటే అర్థముంది. కానీ క్యాంపులో నీళ్ల డ్రమ్ము పెట్టిన బల్లనీ, బాత్రూమ్ తలుపునీ కూడా వదిలేవాడు కాదు. లోపల ఒంటినిండా సబ్బుతో ఉన్నవాడు భూకంపమనుకుని బయటికి పరిగెత్తిన సందర్భాలు రెండున్నాయి.

అందరికంటే ఎక్కువ ఊగినవాడు రాజేశ్వర్. ఇద్దరిదీ జగిత్యాల వైపే. ఒకే గది, ఒకే రెండంతస్తుల మంచం. పైన రాజేశ్వర్, కింద లచ్చన్న. పని నుంచి వచ్చి రాజేశ్వర్ నడుం వాల్చాడో లేదో, కింద నుంచి మూడు ఊపులు.

"నిన్ననే సూస్తివి గద లచ్చన్నా."

"నిన్న నువ్వు జర సన్నగున్నవ్."

కంపెనీ బస్సెక్కితే ప్రతి సీటునీ ఊపేవాడు. ఒకరోజు డ్రైవర్ ఖాదర్ హుస్సేన్ భుజాలు పట్టుకుని ఊపాడు. ఇదేం పిచ్చని అతను మండిపడితే, బస్సులో ఇంకా చూడనిది నువ్వొక్కడివేనని శాంతంగా చెప్పాడు. సెలవుకి ఊరెళ్లినప్పుడు గుమ్మాన్ని ఊపి చూశాకే ఇంట్లో అడుగుపెట్టాడట. రెండేళ్ల తర్వాత వచ్చిన మొగుడు తనకంటే ముందు ద్వారబంధాన్ని పలకరించాడని భార్య గౌరవ్వ రెండు రోజులు మాట్లాడలేదు.

1982 ఎండాకాలంలో కంపెనీకి కొత్త ముదీర్ వచ్చాడు. మేనేజరుని అక్కడ అలాగే అంటారు. ఆయనకి తొందరెక్కువ. పరంజా గట్టిగా ఉందని లచ్చన్న రిజిస్టర్లో వేలిముద్ర వేస్తేనే మనుషులు పైకెక్కాలని నియమం. గోదాము ఉత్తరం గోడ దగ్గర లచ్చన్న పైపు పట్టుకుని ఊపాడు. మూడో ఊపుకి పైనుంచి పైపుల్ని బిగించే క్లాంపు ఒకటి ఊడి ముదీర్ బూటు పక్కన పడింది. మొత్తం విప్పి కట్టాలంటే నాలుగు రోజులు. ముదీర్ ఇంకు డబ్బా స్వయంగా చేత్తో పట్టుకుని మొదట బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. లచ్చన్న బొటనవేలిని పిడికిట్లో దాచేసుకున్నాడు.

"పైపు ఊగుడు బందయ్యేదాక నా ఏలు పడదు" అన్నాడు.

రాజేశ్వర్ దాన్ని వీలైనంత మెత్తటి హిందీలోకి మార్చి చెప్పాడు. లాభం లేకపోయింది. ముదీర్ ఖలాస్ అన్నాడు. వీసా రద్దు, గురువారం బొంబాయి విమానానికి టికెట్టు.

ఊళ్లో లచ్చన్న తవ్విస్తున్న బావి సగంలో ఉంది. ఇప్పుడు తిరిగెళ్తే అది గొయ్యిగానే మిగిలిపోతుంది. రాజేశ్వర్ ఆ సంగతే పదేపదే అంటున్నాడు. లచ్చన్న మాత్రం పెట్టె సర్దుకుని దాని పిడిని ఊపి చూస్తున్నాడు. రాజేశ్వర్‌కి ఒళ్లు మండి, అతని రెక్క పట్టుకుని లేబర్ ఆఫీసుకి లాక్కుపోయాడు.

అక్కడి అధికారికి హిందీ బాగా వచ్చు. అంతా విని ముదీర్‌ని పిలిపించాడు. ముదీర్ నిలబడే మొదలుపెట్టాడు. ఎవరినైనా ఎప్పుడైనా కారణం చెప్పకుండా తీసెయ్యొచ్చని ఒప్పందంలో రాసి ఉందన్నాడు. అధికారి కాగితాలు తిరగేశాడు. అలాగే రాసి ఉంది.

గెలిచిన ధీమాతో ముదీర్ ఒక కుర్చీ లాక్కున్నాడు. కూర్చోబోతుంటే లచ్చన్న వెనక నుంచి గబుక్కున దాన్ని పట్టుకుని, గట్టిగా లేదు ఆగమని తనకొచ్చిన హిందీలో అన్నాడు.

"ఠైరో సాబ్. కుర్సీ కమ్‌జోర్ హై."

ఒకటి, రెండు, మూడు. కుర్చీ కాలు ఊడి అతని చేతికొచ్చింది. దాన్ని వినయంగా అధికారి బల్ల మీద, కాగితాల పక్కన పెట్టాడు.

అధికారి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. తర్వాత ముదీర్ వైపు తిరిగాడు.

"కారణం లేకుండా తీసెయ్యొచ్చు, నిజమే. కానీ నీ దగ్గర కారణం ఉంది. అబద్ధానికి వేలిముద్ర వెయ్యలేదని తీసేశావు. ఆ ఒక్క కారణానికి మాత్రం వీల్లేదు. నిన్ను కూడా పడనివ్వని మనిషిని పంపించేస్తే, ఆ గోడెక్కేవాళ్లని ఎవరు చూస్తారు?"

లచ్చన్నని పనిలోకి తీసుకోవాలని, పరంజా విప్పి కట్టాకే మనుషుల్ని ఎక్కించాలని రాసిచ్చాడు. రాసిచ్చాక లేచి, తన కుర్చీని కూడా లచ్చన్న వైపు తోశాడు.

బయటికొచ్చాక రాజేశ్వర్ ఆగలేకపోయాడు.

"నీ నౌకరి తీసినోడు. పడనిస్తే ఏం పోయింది?"

"ఎవడు పడ్డా ఇరిగేది నడుమే గద రాజేశ్వర్."

పైమంచం తన మీద కూలుతుందన్న భయంతోనే లచ్చన్న ఊపుతున్నాడని రాజేశ్వర్ ఇన్నాళ్లూ అనుకున్నాడు. పైన పడుకున్నవాడి కోసమని ఇప్పుడు తట్టింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

ముదీర్ తన కారు తలుపు తెరిచి, ఎక్కమన్నట్టు యల్లా అన్నాడు. లచ్చన్న రెండు చేతులతో ఆ తలుపు పట్టుకున్నాడు. ముదీర్ మూడో ఊపు పూర్తయ్యేదాకా ఆ ఎండలో ఓపిగ్గా నిలబడ్డాడు.