ఓర్విల్ ఒప్పుకోలేదు

మా క్రీడల డైరెక్టర్ వెర్లిన్ టోస్‌ట్రుడ్‌కి ఒకటే పిచ్చి. ఉద్యోగం మారాలా వద్దా అని చచ్చిపోయినవాణ్ణి అడుగుతాడు.

ఆ చచ్చిపోయినాయన ఓర్విల్. మా హార్లో కాలేజీలో నలభై ఏళ్లు జెర్సీలు ఉతికి, బంతులకు గాలికొట్టి, ఓ బాస్కెట్‌బాల్ ఆట మధ్యలో పద్నాలుగో వరస చివరి కుర్చీలో, ఒళ్లో పాప్‌కార్న్ పొట్లంతో కన్నుమూశాడు. మావాళ్లు గెలుస్తున్నారు కదా, ఆట అయ్యేదాకా ఎవరూ గమనించలేదు. అప్పటినుంచి ఆ కుర్చీ టికెట్ అమ్మరు. ప్రతి ఆటకీ వెర్లిన్ అందులో ఓ పొట్లం పెట్టిస్తాడు.

"వెన్న బాగా పోయండమ్మా, లేకపోతే ఆయన అలుగుతాడు!" అని పాప్‌కార్న్ అమ్మేవాళ్లకి మరీ మరీ చెప్తాడు.

పెద్ద యూనివర్సిటీ ఏదైనా పిలిచిందా, వెర్లిన్ ఖాళీ జిమ్‌లోకి వెళ్లి ఆ కుర్చీ ముందు టోపీ తీసి నిలబడతాడు. "ఓర్విల్ బాబాయ్, వెళ్లమంటావా?" పైన దూలాలకు వేలాడే పాత జెర్సీలు గాలి లేకుండానే కదిలినట్టుంటాయి. అంతలో, మనిషి చెయ్యి పడకుండానే స్కోరుబోర్డు ఎర్రగా వెలిగి, 'భాం' మని హారన్ మోగుతుంది.

"వద్దంటున్నాడు," అని టోపీ పెట్టుకుని వచ్చేస్తాడు వెర్లిన్.

ఇలా ఏడుసార్లు. పంతొమ్మిదేళ్లుగా ఆయన సెక్రటరీని, ఏడుసార్లూ నేను పక్కనే ఉన్నాను, ఏడుసార్లూ నా గుండె నోట్లోకొచ్చింది. నాకు మతిపోయిందన్న మా ఆయన ఒక్కసారి వచ్చి చూశాడు. ఇప్పుడు నన్ను తీసుకెళ్లడానికొచ్చినా ట్రక్కు దిగడు. ఇంజనైనా ఆపడు.

ఎనిమిదో పిలుపు జనవరిలో వచ్చింది. మా ఊళ్లో ఇలాంటి కబురు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్న విమానాశ్రయంలో ఏ విమానం దిగిందో కాఫీ హోటల్లో అందరూ ఫోన్లలో చూస్తూనే ఉంటారు.

"మార్లిస్, విమానం తోకమీద పులిబొమ్మట, ఆ పెద్ద యూనివర్సిటీవాళ్ల గుర్తు! ఎనభైవేల మంది కూర్చునే స్టేడియం వాళ్లది!" అని కాఫీ పోస్తూ అరిచింది డార్లా. "ఈసారి దెయ్యం నోరు మూసుకుంటుంది చూడు!"

ఆ పొద్దున స్టేప్లర్ కోసం వెర్లిన్ సొరుగు లాగాను. లోపల బుల్లి రిమోటు కనబడింది. నొక్కాను. పక్క జిమ్‌లో 'భాం'!

నాకెంత మండిందో! పంతొమ్మిదేళ్లు నన్ను వణికించింది ఇదా? బ్యాటరీలు పీకి కోటు జేబులో వేసుకుని, రిమోటు ఉన్నచోటే పెట్టేశాను. ఉండవయ్యా, నీ సంగతి చెప్తాను!

మధ్యాహ్నం పులివాళ్ల మనిషి గ్రేడన్ లైల్ వచ్చాడు. పొడుగు కోటు, తెల్లటి పళ్లు. "మీ దెయ్యం కథలు విన్నాం. నా ఎదురుగా అడగండి. మోగకపోతే సంతకం పెట్టాలి, సరేనా?"

"మాటిస్తున్నాను," అన్నాడు వెర్లిన్ ధీమాగా.

కుర్చీలో పొట్లం పెట్టాడు. టోపీ తీశాడు. "ఓర్విల్ బాబాయ్, వెళ్లమంటావా?"

చప్పుడు లేదు. జేబులో ఆయన వేళ్లు గిలగిల్లాడుతున్నాయి. మళ్లీ అడిగాడు. జిమ్ అంతా చల్లబడిపోయింది. లైల్ పెన్ను తీశాడు.

వెర్లిన్ మొహం పాలిపోయింది. నన్ను పక్కకి లాగి, లైల్ చూడకుండా రిమోటు నా చేతిలో పెట్టాడు. "అమ్మా మార్లిస్, బ్యాటరీలు నువ్వే తీశావు కదూ?"

"తీశాను! హాయిగా వెళ్లక ఈ నాటకమేంటయ్యా?"

"నేను వెళ్లిన మర్నాడే మన కాలేజీ ప్రెసిడెంటు ఖర్చు దండగని ఈతకొలను పూడ్చేస్తాడు. నేనున్నంతకాలం ఉంచుతానని మాటిచ్చాడు, అంతే. పదిహేడు మంది ఆడపిల్లలు ఈదుతున్నారు అందులో."

"ఆ మాట ఆ పిల్లలకి చెప్పొచ్చుగా?"

"చెబితే, వాళ్లకోసమే ఆగిపోయానని ప్రతి పోటీలోనూ నన్ను మోస్తూ ఈదుతారు. దెయ్యానికైతే బరువుండదు."

నాకు సిగ్గేసింది. ఛీ, ఎంత పని చేశాను! గబగబా కోటు జేబులో చెయ్యి పెట్టి బ్యాటరీలు గుప్పిట్లోకి తీశాను.

"భాం!"

స్కోరుబోర్డు ఎర్రగా వెలిగింది. హారన్ ఆగలేదు. లైల్ పెన్ను వదిలేసి, కోటు ఎగరేసుకుంటూ తలుపుకేసి పరుగో పరుగు.

"హమ్మయ్య, సమయానికి బ్యాటరీలు వేశావు," అన్నాడు వెర్లిన్ చెమట తుడుచుకుంటూ.

నేను గుప్పిట విప్పాను. రెండు బ్యాటరీలూ అందులోనే ఉన్నాయి.

ఇద్దరం మెల్లగా కుర్చీవైపు తిరిగాం. పొట్లం ఖాళీ. అడుగున కాస్త వెన్న మరక మాత్రం ఉంది.

వెర్లిన్ టోపీ చంకలో పెట్టుకుని, కుర్చీకి వంగి దండం పెట్టాడు.

"మార్లిస్," అన్నాడు బయటికొస్తూ, "ఇకనుంచి పెద్ద పొట్లం తెప్పించు."