కాదుగారి దగ్గర చావని గ్రహం

కాదుగారికి లోకంలో ఒక్కటే మాట వచ్చు. అది "కాదు". ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కాఫీ తెచ్చిపెడితే ఒక గుక్క తాగి, "ఇది కాఫీ కాదు" అనేవారు. "మా అమ్మాయిని చేసుకుంటానన్నది నువ్వేనా బాబూ అని మా నాన్న అడిగితే, అలవాటుకొద్దీ కాదన్నారు మహానుభావుడు!" అని ఆయన భార్య ఇప్పటికీ తల బాదుకుంటుంది.

ఆయన ఉద్యోగమూ అదే. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు లక్ష నక్షత్రాల వెలుగు కొలిచి పంపుతుంది. ఏ నక్షత్రమైనా క్రమం తప్పకుండా కాస్త మసకబారితే, దాని ముందునుంచి గ్రహమేదో పోతోందని ఆశ. ఆ ఆశ ఎవరికి పుట్టినా ముందు కాదుగారి బల్ల మీదికి రావాలి. ఆయన దాన్ని చంపడానికి చూస్తారు. చావకపోతేనే గ్రహం.

ఆ వెలుగు లెక్కలు చూసే లెక్కలమ్మాయి తెచ్చిన పది ఆశలనూ ఆయన చంపేశారు. పదోదాన్నైతే ఆమెను కూర్చోనివ్వకుండానే.

"పదమూడు రోజులకోసారి మసకబారుతోంది సార్!"

"గ్రహం కాదు. సమాచారం పంపడానికి మన టెలిస్కోపు పదమూడు రోజులకోసారి భూమివైపు తిరుగుతుంది. ఆ కుదుపమ్మా ఇది."

ఆమె మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నెలాఖరులోగా ఒక్క గ్రహమైనా తేలకపోతే ఉద్యోగం ఊడుతుంది. తిండి సహించడం లేదు. అక్క ఫోన్ చేస్తే "బానే ఉన్నానే" అని పెట్టేసింది. మూడేళ్ళ చాకిరీ బూడిదపాలే అనుకుంది. పదకొండోదాన్ని ఆశ చచ్చాకే తీసుకెళ్ళి ఆ బల్ల మీద పడేసింది.

మూడు వారాలు ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాదుగారు కాఫీని కూడా తిట్టకుండా తాగేస్తున్నారు. ఈసారి ఎంత ఘోరంగా చంపబోతున్నారో అనుకుని ఆమె పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్దేసుకుంది.

గ్రహమో కాదో తేల్చే కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని, "రెండు నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయేమో?" అంది.

"కాదు," అన్నారు మూలనుంచి కాదుగారు.

"టెలిస్కోపు కుదుపు?"

"కాదు."

"పక్క నక్షత్రం వెలుగు కలిసిందేమో?"

"కాదు కాదు కాదు! చూడండి," అంటూ మూడు వారాలుగా తాను చేసిన పరీక్షల నలభై పేజీల కట్ట ఆవిడ ముందు పడేశారు.

"అయితే గ్రహమే అంటారా?"

కాదుగారి నోరు తెరుచుకుంది, మూసుకుంది. జన్మలో అనని మాట అడగ్గానే ఎలా వస్తుంది, పాపం! చివరికి అవునన్నట్టు తల మాత్రం ఆడించారు.

లెక్కలమ్మాయి ఉద్యోగం నిలబడింది. బయటికొచ్చాక ఆపుకోలేక అడిగేసింది: "మరి ఆ పదింటినీ అంత నిర్దయగా చంపారేం సార్? ఎంత ఏడ్చానో తెలుసా?"

"తెలుసు. ఆ మెట్లు నా కిటికీకి ఎదురే. నేను చంపితే నాలుగు కన్నీటిబొట్లతో పోతుంది తల్లీ. ప్రకటించాక బయటివాళ్ళు చంపితే ఇక నీ మాట ఎవడూ నమ్మడు. అందుకే, చంపేదేదో మనవాళ్ళే చంపాలి."

ఆ నలభై పేజీల మీద ఎక్కడా ఆయన పేరు లేదు. ఆమె రాయబోతే కలం లాక్కుని జేబులో పెట్టుకుని చక్కా పోయారు. ఆ కలం ఇప్పటికీ తిరిగివ్వలేదు.