సాక్ష్యం చెబితేనే జీపు

గుంటూరులో నర్సు ట్రైనింగులో మాకొక పాఠం ఉండేది. యుద్ధంలో గాయపడ్డవాడు ఏ దేశం వాడైనా ముందు వైద్యం చెయ్యాలి, అతన్ని మోసుకెళ్ళేవాళ్ళ మీద తుపాకీ ఎత్తకూడదు, ఇది దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న మాట అని. పరీక్షలో వస్తుందని బట్టీ పట్టాను. ఎనభైల నడుమ వెల్దుర్తి వైపు ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చాక ఆ పాఠం గుర్తొస్తే ఒళ్ళు మండేది. దేశాలు ఒప్పుకున్నాయట! ఇక్కడ రెండు బజార్లు ఒప్పుకోలేదు.

ఆ ఊళ్ళో రెండు పార్టీలు. పై బజారు ఒకటి, కింది బజారు ఒకటి. టీకొట్లు వేరు, మంగలి వేరు, చివరికి డాక్టర్లు కూడా వేరు. పై బజారు వాళ్ళకి దెబ్బ తగిలితే మాచర్ల పోతారు. కింది బజారు వాళ్ళు మాచర్ల దగ్గరైనా సరే, రక్తం కారుతున్నా సరే, నరసరావుపేటే పోతారు. ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. గాయపడ్డ మనిషిని ఎవరి బండి ఆసుపత్రికి చేరిస్తే, పోలీసుల ముందు ఆ మనిషి సాక్ష్యం వాళ్ళకే. ఇది తప్పన్న వాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు.

నేను పనిచేసే ఆరోగ్య సబ్‌సెంటరు పక్కింట్లో పరుపులు కుట్టే దూదేకుల దంపతులు ఉండేవాళ్ళు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. రెండు బజార్లకీ పరుపులు కుట్టేది, ఏ పార్టీ జోలికీ పోయేది కాదు. ఒకరోజు పొద్దున బస్సు ఆగే చోట రెండు పార్టీల వాళ్ళూ బాంబులు విసురుకున్నారు. దూది మూట నెత్తిన పెట్టుకుని వస్తున్న అక్క కాలి దగ్గర ఒకటి పేలింది.

పరుగెత్తుకెళ్ళి తొడ దగ్గర గుడ్డతో బిగించి కట్టాను. రక్తం ఆగింది గానీ ఆ కట్టు ఎక్కువసేపు ఉంటే కాలు చచ్చుబడుతుంది. వెంటనే మాచర్ల చేరితే కాలు దక్కుతుంది. బాంబులు ఆగాక రెండు పార్టీల జీపులూ అక్కడే, రోడ్డుకి చెరో పక్కన ఉన్నాయి.

పై బజారు పెద్దాయన వచ్చి వంగి చూశాడు. "ఎక్కిస్తాంలే నర్సమ్మా. ఎవుడేశాడో ముందు చెప్పమను. కింది బజారోడంటే చాలు."

"ఎనకమాల నుంచి వచ్చిందన్నా, నేను చూళ్ళేదు," అంది అక్క.

జీపు కదల్లేదు. తర్వాత కింది బజారు పెద్దాయన వచ్చాడు. అదే బేరం, నింద మాత్రం పై బజారు మీద వెయ్యాలి. పైగా నరసరావుపేటకే తీసుకెళ్తాడట.

"మాచర్ల పక్కనే ఉంది గదయ్యా! అంతదూరం పోతే కాలు పోద్ది!" అని అరిచాను.

"మాచర్ల డాక్టరు ఆళ్ళోడమ్మా. కట్టు కడతానే సాక్ష్యం మార్పిస్తాడు," అన్నాడు తాపీగా. ఆ తాపీతనానికి చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

"ఏదో ఒకటి చెప్పవే, నీకు దండం పెడతా," అని అప్పటికి పరుగున వచ్చిన ఆమె మొగుడు ఏడ్చాడు.

"చూడంది ఎట్టా చెప్పను? ఎవురి బిడ్డనో జైలుకు పంపమంటావా?" అంది, పళ్ళు బిగించి.

మాచర్ల బస్సు వచ్చింది. డ్రైవరు చేతులు జోడించాడు. "ఈమెని ఎక్కిస్తే రేపు నా బస్సు తగలబెడతారమ్మా" అని వెళ్ళిపోయాడు. చివరికి మొగుడే ఎద్దుబండి అడిగి తెచ్చి, కుట్టడం అయిపోయిన పరుపొకటి పరిచి ఆమెను పడుకోబెట్టాడు. నేనూ ఎక్కాను. మాచర్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కాలు తీసేశారు.

మర్నాడు వాంగ్మూలం రాసుకోవడానికి కానిస్టేబులు వచ్చాడు. పెద్దమనుషులిద్దరూ చెరో సంచి బత్తాయిలతో దిగారు. మాచర్ల ఆసుపత్రి గడప తొక్కనని భీష్మించే కింది బజారాయన కూడా సాక్ష్యం కోసం తొక్కాడు. సిగ్గు లేని జన్మలు!

"ఇప్పుడన్నా చెప్పమ్మా, నీకు న్యాయం చేస్తాం," అన్నాడు పై బజారాయన.

అక్క నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది.

"బాంబేసినోణ్ణి నేను చూళ్ళేదన్నా. కాలు తీసినోళ్ళను చూశా," అని కానిస్టేబులు వైపు తిరిగింది. "రాసుకో అయ్యా, ఇద్దరూ ఈడనే ఉండారు."

కానిస్టేబులు ఆ ఇద్దరి మొహాలూ చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.