సింహాసనం మీద తెల్లకార్డు

మా పాప ఫోనెత్తి, "హలో నాన్నా, మద్రాసులో వాన పడుతోందా?" అన్న క్షణంలోనే మా తెల్లకార్డు చేజారిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా గుమ్మంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చెప్పులు విప్పుతున్నాడు. తెల్ల రేషన్ కార్డుకి దరఖాస్తు పెట్టినవాళ్లు నిజంగా లేనివాళ్లో కాదో ఇంటికొచ్చి చూడటం ఆయన పని.

తొంభైల మొదట్లో మేం ఫిలింనగర్ దిగువన, షేక్‌పేట వైపు రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన ఆర్ట్ అసిస్టెంటు. సినిమా విడుదలైతేనే డబ్బులు. ఆ ఏడు ఆయన పనిచేసిన ఒక్క సినిమా కూడా థియేటరు ముఖం చూడలేదు. గోడౌను కురుస్తోందని సెట్టు సామాను మా ముందుగదిలో దింపించి, ఆయన షూటింగుకి మద్రాసు వెళ్లారు. తీగే లేని ఉత్తుత్తి ఫోను, వెనక తలుపు ఊడిన ఉత్త డొల్ల ఫ్రిజ్, చట్రం తప్ప ఏమీ లేని టీవీ, ఒక సింహాసనం.

నేను బి.ఏ. ఎకనామిక్స్. దారిద్ర్యరేఖ గురించి పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. అయినా ఆఫీసరు వస్తున్నాడని తెలిసి ఏం చేశాను? ముందురోజే ఆ సామానంతా తడిగుడ్డతో తుడిచి, ఫ్రిజ్ మీద లేసుగుడ్డ పరిచాను. మా గోదావరి వైపు ఇంటికొచ్చినవాళ్లకి లేమి చూపించుకోవడం నామోషీ.

ఇన్‌స్పెక్టరు గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.

"ఏందమ్మా గిది? ఫోను, ఫ్రిజ్జు, గాడ సింహాసనం! మీకు తెల్లకార్డు గావాల్నా? మీరే మాకు కార్డులియ్యాలె!"

"అవి మావి కావండీ. సినిమా సెట్టింగువి."

"అందరు గట్లనే చెప్తరు. జర ఫ్రిజ్జు తెరువుండ్రి, సల్లటి నీళ్లన్న తాగుత."

తెరిచాను. లోపల పిల్లల లాగులు, ఉల్లిపాయలు. ఆయన లోపలికి చెయ్యి పెడితే అది వెనక మా గది గోడ దాకా పోయింది. "అరె! గోడ తగుల్తుంది!" అన్నాడు. అయినా అనుమానం తీరలేదు. ఫోను తిప్పి చూశాడు, సింహాసనం గీకి చూశాడు.

కార్డు రాకపోతే ఆ నెల బియ్యానికి ఇంకెవరిని అడగాలో తెలియదు.

ఇంతలో మా బాబు టీవీ చట్రం వెనక కూర్చుని, తల దువ్వుకుని వార్తలు మొదలుపెట్టాడు.

"నమస్కారం. ముఖ్యాంశాలు. మా ఇంటికి ఆఫీసరుగారు వచ్చారు. బియ్యం డబ్బా ఖాళీ అయింది. అమ్మ నిన్న పక్కింట్లో రెండు గ్లాసులు అడిగి తెచ్చింది. రాత్రి అమ్మకి ఆకలి లేదట. వాతావరణం..."

"ఒరేయ్!" అన్నాను.

ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి వెళ్లి, డబ్బా మూత తీసి చూసి, మెల్లగా మూత పెట్టాడు. ఇంట్లో కుర్చీ లేదు కనుక సింహాసనం మీదే కూర్చుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని, "నిరుపేద కుటుంబం" అని పైకి చదువుతూ రాశాడు. సింహాసనం కాళ్లకి చెక్కిన రెండు సింహాలు నోళ్లు తెరిచి వింటున్నాయి.

"నేనైతే రాసిన. ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు లేస్తూ. "గని ఈళ్లింట్ల ఫోనుందని మా పెద్దసారుకు ఎవరన్న చెప్తే పేరు కొట్టేస్తడు. పిల్లల నోళ్లు జర జూస్కోండ్రి."

ఆయన వెళ్లాక పిల్లల్ని అడిగాను. బడిలో సగం మందికి మా ఫోను సంగతి అప్పటికే తెలుసు. సింహాసనం చూడటానికి ఆదివారం రమ్మని పాప నలుగురిని పిలిచిందట కూడా.

మర్నాడు పొద్దున పాపకి జడలు వేస్తూ ఇద్దరికీ చెప్పాను: "కార్డు చేతికొచ్చేదాకా మనింట్లో ఏమీ లేదని చెప్పండి. వచ్చాక, మాకు కార్డుందని ఎంతైనా గొప్పలు చెప్పుకోండి."