అవతలి గట్టున తమ్ముడు

కార్యాలయంలో అందరూ ఆమెను చాటుగా ‘రెండు నాలుకలమ్మ’ అనేవారు. ఆ సంగతి తెలిసినా ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె ప్రభుత్వ దుభాషి. తల్లి పొరుగు దేశం నుంచి కోడలిగా వచ్చిన మనిషి కావడంతో ఆ భాష ఉగ్గుపాలతోనే అబ్బింది. చేపల వేట ఒప్పందాలు, రైళ్ల ఒప్పందాలు, విందుల్లో పొగడ్తలు, ఇలా అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేస్తూనే తల నెరిసింది.

ఆ పొరుగు దేశపు సైన్యమే ఒక తెల్లవారుజామున చెప్పాపెట్టకుండా సరిహద్దు దాటి వచ్చిపడింది.

కారు పంపి ఆమెను పిలిపించారు. నేలమాళిగలో కిటికీ లేని గది. గుమ్మం దగ్గరే ఫోన్ తీసేసుకున్నారు. “చర్చ తేలేదాకా ఎవరూ బయటికెళ్లడానికి లేదమ్మా” అని కాపలా అధికారి తలుపు బిగించాడు. గోడ మీది పటంలో నది, దాని మీద ఒకే ఒక్క వంతెన, అవతలి గట్టున, సరిహద్దు వైపు, మన దేశపు ఊరొకటి. ఆ ఊళ్లోనే ఆమె తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు. భార్యా, ఇద్దరు పిల్లలూ అక్కడే.

“వంతెన ఇప్పుడే పేల్చెయ్యాలి సార్” అన్నాడు రక్షణ మంత్రి. “ట్యాంకులు నది దాటితే రేపీపాటికి మన గుమ్మంలో ఉంటాయి.”

“అవతల ఊరు ఊరంతా ఉందయ్యా! వాళ్లని వదిలేసి మనం తలుపేసుకుంటామా? సైన్యాన్ని పంపండి” అని హోంమంత్రి బల్ల గుద్దాడు.

“మా వాళ్లు చేరేసరికి సాయంత్రమవుతుంది” అన్నాడు సైన్యాధిపతి, తల ఎత్తకుండా.

అంతలో శత్రు సేనాని నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఒక్క మాటా పొల్లుపోకుండా చెప్పింది: “వంతెన జోలికి పోకండి. ఊళ్లో ఒక్కరి మీదా చెయ్యి పడదు.”

ప్రధాని కళ్లద్దాలు తీసి ఆమె వైపు తిరిగాడు. “వాళ్ల భాషలో పెరిగినవారు మీరు. నమ్మొచ్చంటారా?”

ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అభిప్రాయం అడగలేదు. నమ్మండి అంటే చాలు, వంతెన నిలుస్తుంది, తమ్ముడు దాటి వస్తాడు. వాడి వెనకే ట్యాంకులూ వస్తాయి.

“నన్నడక్కండి సార్. మా తమ్ముడు ఆ ఊళ్లోనే ఉన్నాడు. నేనేం చెప్పినా వాడి కోసమే చెబుతాను.”

“అయితే ఈవిణ్ణి బయటికి పంపండి” అన్నారెవరో.

“పంపితే మాట అందుకునేదెవరు?” అన్నాడు ప్రధాని. “కూర్చోండమ్మా.”

ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. వాదించి వాదించి చివరికి తేల్చారు: మధ్యాహ్నం దాకా జనాన్ని దాటించాలి, ఆపైన వంతెన కూల్చాలి. అంతవరకూ శత్రువును మాటల్లో పెట్టాలి. ఆ పని ఆమె నోటి మీదే పడింది. “మీ మాట ఆలోచిస్తున్నాం, కాస్త గడువివ్వండి” అని అమ్మ నేర్పిన భాషలో అబద్ధం చెప్పింది. గొంతు వణకలేదు. అదే ఆమెను భయపెట్టింది.

“కూలింది” అని కబురొచ్చినప్పుడు ఆ గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సాయంత్రం తలుపు తీశారు. మరదలూ పిల్లలూ ఇవతలి గట్టుకు చేరారని తెలిసింది. వాళ్లని దించి, ఆసుపత్రిలో మిగిలిన రోగుల కోసం తమ్ముడు బస్సు వెనక్కి తిప్పాడట. మళ్లీ వచ్చేసరికి వంతెన లేదు.

చాలా వారాలకు ఎవరి ఫోన్ నుంచో వాడి గొంతు వినపడింది. “బతికే ఉన్నానక్కా. బస్సు వాళ్లు తీసేసుకున్నారు. ఊరు దాటనివ్వడం లేదు.” ఆ వెంటే అడిగాడు. “వంతెన సంగతి నీకు ముందే తెలుసా?”

ఆ గదిలో విన్నది బయటపెట్టనని ఆమె ప్రమాణం చేసి ఉంది. ఫోన్‌లో ఎవరు వింటున్నారో తెలియదు.

“తెలుసురా” అంది.

“సరేలే. నీకు తెలుసని అమ్మకి మాత్రం చెప్పకు” అన్నాడు వాడు. ఇంకేదో అనబోతుండగా లైన్ తెగిపోయింది.

పక్కగదిలోంచి తల్లి “ఎవరే?” అని పిలిచింది. వాడి ఫోనని చెబితే మిగతాదీ చెప్పాల్సి వస్తుందని “ఆఫీసు నుంచమ్మా” అని, ఆమె అక్కడే గోడకానుకుని నిలబడిపోయింది.