పిన్ని గది గోడ మీది స్పీకరు

మీటరులో ముల్లు కదలకపోతే అక్కడేమీ లేదనుకునే మనిషిని నేను. చిన్నప్పుడు మా అమ్మ దిష్టి తీస్తానంటేనే చికాకు పడేవాణ్ణి. అలాంటి నేను ఈ సంగతి రాయడానికి కూర్చుంటే మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనీండి. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

తొంభైల చివర్లో భిలాయిలో, ఖుర్సీపార్ బజారులో నాకు చిన్న షాపు ఉండేది. రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేయడంతో మొదలుపెట్టి, యాంప్లిఫయర్లు సొంతంగా కట్టేదాకా వచ్చాను. అప్పుడప్పుడే జనానికి హోమ్ థియేటర్ పిచ్చి పట్టుకుంటోంది. టీవీకి అటూ ఇటూ రెండు స్పీకర్లు, మధ్యన ఒకటి, వెనక గోడకి రెండు, గుండె దడదడలాడించే బేస్ కోసం ఒక పెద్ద డబ్బా. పెట్టెలు తెచ్చి పెట్టడం ఎవడైనా చేస్తాడు. అన్నిటి సౌండూ సమం చేయడమే అసలు పని. ఆ పనిలో నా అంతవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

రమణ మా విజయనగరం వైపు వాళ్ళబ్బాయే, నా ఈడువాడు. చిన్న చిన్న కాంట్రాక్టులు చేసుకునేవాడు. స్మృతి నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకుని, హాల్లో సెట్టు పెట్టమని నన్ను పిలిచాడు. వాడికేమీ సినిమాల పిచ్చి లేదు. వాళ్ళమ్మ ఆ ఇంట్లో నిలవడం లేదు. ఆవిణ్ణి నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి. తెలుగు సినిమాలు పెద్ద తెర మీద, మంచి సౌండుతో చూపిస్తే మనసు మళ్ళుతుందేమోనని వాడి ఆశ.

అసలు కారణం బాబాయి, అంటే రమణ వాళ్ళ నాన్న. ఆయనది స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఉద్యోగం, ఊళ్ళోనే మరోదాలో కంపెనీ క్వార్టరు. రిటైరవక ముందే, ఒకరోజు నైటు షిఫ్టు చేసి వచ్చి, టీ తాగి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

ప్లాంటువాళ్ళ ఇళ్ళ సంగతి మీకు చెప్పాలి. నైటు షిఫ్టు వారం వచ్చిందంటే పగలంతా ఇల్లు మూగబోతుంది. గిన్నెలు చప్పుడు కాకూడదు, రేడియో పెట్టకూడదు, పిల్లలు సైగలతో మాట్లాడుకోవాలి. పెళ్ళైనప్పటి నుంచీ పిన్ని ఆయన పగటి నిద్రని అలాగే కాపాడుకుంటూ వచ్చింది. ఆరోజూ కాపాడింది. సాయంత్రం దాకా గది తలుపు తియ్యలేదు. తీసేసరికి ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

"ఒక్క గిన్ని చెయ్యి జారినా లెగిసీవోరేమో నాయనా" అని ఆవిడ అంటుంటే వినలేక, ఏదో పనున్నట్టు నేను లేచి బయటికి వచ్చేసేవాణ్ణి.

కొత్త ఇల్లు ఆయన చూడనే లేదు. కాబట్టి ఇల్లు మారిన సంగతి ఆయనకి తెలీదని పిన్ని పట్టుపట్టి కూర్చుంది. మూడు వారాలకోసారి ఆయనకి నైటు షిఫ్టు వచ్చే వరస ఆవిడకి ఇంకా కంఠతా ఉంది. ఆ వారమంతా పొద్దున్నే ఆటో ఎక్కి మరోదా వెళ్ళి, ఖాళీ క్వార్టరు తాళం తీసి, సాయంత్రం దాకా కూర్చునేది. డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చిన మనిషి తాళం చూసి ఎటు పోతాడని ఆవిడ బాధ. ఆ క్వార్టరేమో నెలాఖరుకి అప్పగించేయాలి. తాళంచెవులు పిన్ని కొంగుకి ముడేసి ఉన్నాయి. రమణ బతిమాలాడు, కోప్పడ్డాడు, ఏడ్చాడు కూడా. లాక్కోవడం ఎంతసేపు? కానీ లాక్కున్నాక అమ్మ ఏమైపోతుందోనని వాడి భయం.

ఇక నా పని. బేస్ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది. మనం కూర్చునే సోఫా మీద డబ్బాని పెట్టి మోగిస్తాం. మనం నేల మీద పాకుతూ ఏ మూల సౌండు నిండుగా వినిపిస్తుందో చూస్తాం. ఆ మూలే డబ్బాకి చోటు. నేను మోకాళ్ళ మీద హాలంతా పాకుతుంటే పిన్ని గుమ్మంలోంచి చూసి, "ఏటి నాయనా, ఏటి పడిపోనాది?" అని నవ్వింది. చాలా రోజులకి అమ్మ నవ్విందని రమణ మురిసిపోయాడు.

తర్వాత స్పీకర్లు. రేడియోలో రెండు స్టేషన్ల మధ్య వచ్చే సర్రుమనే చప్పుడుని నేను క్యాసెట్టులో ఎక్కించి ఉంచుకున్నాను. దాన్ని ఒక్కో స్పీకరులో మోగించి, సోఫా దగ్గర సౌండు కొలిచే మీటరు పట్టుకుని, ముల్లు ప్రతిసారీ ఒకే గీత మీద నిలిచేలా యాంప్లిఫయర్ వెనక ఉన్న చిన్న స్క్రూలు తిప్పుతాను. ఆపైన ఎవరూ కదపకుండా వాటి మీద గోళ్ళరంగు చుక్క పెడతాను. రంగు పగలకుండా స్క్రూ తిరగదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కొద్దిరోజులకే రమణ షాపుకి వచ్చాడు. వెనక ఎడమ స్పీకరు పగలు సౌండు తగ్గి మూలుగుతోందట, సాయంత్రానికి బాగైపోతోందట. "క్యా భయ్యా, నీ మాలు కూడా షిఫ్టు డ్యూటీ చేస్తోందేటి?" అని ఎగతాళి. నాకు ఒళ్ళు మండింది.

ఆ స్పీకరు ఉన్నది పిన్ని గది గోడ మీద. వెళ్ళి మీటరు పెట్టి చూశాను. నిజమే, ముల్లు బాగా కిందకి ఉంది. గోళ్ళరంగు చుక్క చెక్కుచెదరలేదు. పగటి వోల్టేజీ తక్కువేమో అనుకుందామంటే మిగతా స్పీకర్లన్నీ బాగున్నాయి. వైరు మార్చాను. కుడివైపు స్పీకరు తెచ్చి ఎడమవైపు తగిలించాను. అంతదాకా బాగా మోగినది ఆ గోడ మీదకి రాగానే గొంతు తగ్గించింది. ఇక్కడ మూలిగినది కుడివైపు వెళ్ళి శుభ్రంగా మోగింది. షాపు నుంచి ఇంకో యాంప్లిఫయర్ మోసుకొచ్చాను. ఏమీ తేడా లేదు. ఆ సాయంత్రం, నేను చెయ్యి పెట్టకుండానే, అంతా సర్దుకుంది. ఆ తర్వాత వారాల్లో పగలు కూడా బాగానే మోగింది. ఎక్కడో వైరుకి సోల్డరు టాకా వదులై ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నెలాఖరు దగ్గర పడ్డాక మళ్ళీ అదే రోగమని కబురొచ్చింది. మధ్యాహ్నం భోంచేసి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో ఆరోజు పిన్ని మరోదా వెళ్ళలేక ఇంట్లోనే ఉంది. నా మీటరు, వైర్లు, గొణుగుడు అన్నీ చూస్తూ కూర్చుంది. ఈ రోగం కిందటిసారి ఎప్పుడొచ్చిందని అడిగింది. చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది.

"నైటు షిఫ్టు వారాలు రెండూనూ" అంది మెల్లగా. "నానక్కడ కూకున్నాను. ఆయనిక్కడికొచ్చి పడుకున్నారు."

మోగుతున్న క్యాసెట్టు ఆపబోయాను. పిన్ని చెయ్యెత్తి ఆపొద్దంది. లేచి, గోడ పట్టుకుని నడుస్తూ తన గది గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు తీసే ఉంది. నేనున్న చోటి నుంచి మంచం కనిపిస్తోంది, దుప్పటి మడత కూడా నలగలేదు. పిన్ని గుమ్మంలో నిలబడి, పగటిపూట ఆయన పడుకుంటే జన్మలో ఎత్తని గొంతు ఎత్తింది.

"ఏటండీ, లెగండి. సాయంకాలమైపోనాది. టీ ఎడతాను, లెగండి."

మీటరు నా చేతిలో ఉంది. ముల్లు లేచింది. ఎగిరిపడలేదు, నెమ్మదిగా పైకి వచ్చి, నేను మొదటిరోజు నిలబెట్టిన గీత మీద ఆగింది. సర్రుమనే చప్పుడు మిగతా స్పీకర్లతో సమానంగా హాలంతా నిండింది. గాలి వీచలేదు, కర్టెను కదలలేదు. ఇంకేమీ జరగలేదు.

పిన్ని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు గట్టిగా వినిపించింది. ఆ చప్పుడు మధ్యలోనే ఆవిడ ఏడ్చింది, బాగా ఏడ్చింది. తర్వాత నాకో గ్లాసు తెచ్చిచ్చింది, ఇంకో గ్లాసు తన గదిలోకి పట్టుకెళ్ళింది. సాయంత్రం రమణ రాగానే కొంగు ముడి విప్పి తాళంచెవులు వాడి చేతిలో పెట్టింది. మళ్ళీ మరోదా పేరెత్తలేదు.

ఆ స్పీకరు కూడా మళ్ళీ గొంతు తగ్గించలేదు. నైటు షిఫ్టు వారాలు చూసుకుని మరీ వెళ్ళి మీటరు పెట్టాను. గోడలో చెమ్మ అనుకున్నాను, పక్కింటి మోటారు అనుకున్నాను. ఏ కారణమూ పిన్ని పిలిచిన ఆ క్షణానికి అతకలేదు. ఇన్నేళ్ళైనా అతకలేదు.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ ఎవరింట్లోనైనా పగటిపూట క్యాసెట్టు పెట్టే ముందు, లోపల ఎవరైనా పడుకున్నారా అని అడుగుతాను. ఎవరూ లేరంటారు. అయినా మొదట సౌండు చిన్నగానే పెడతాను.